సూది కింద పట్టని బొంత

ముస్లిం మహిళకు సాయపడాలన్న ఆలోచన ఎవరికి కలిగినా అది చివరకు కుట్టుమిషన్ దగ్గరే ఆగుతుంది. ప్రభుత్వం ఇస్తే కుట్టుమిషన్. నాయకుడి పుట్టినరోజుకు కుట్టుమిషన్. రంజాన్‌లో జకాత్ కమిటీ ఇస్తే కుట్టుమిషన్. స్వచ్ఛంద సంస్థ మూడు నెలలు శిక్షణ ఇస్తే దాని చివర మళ్లీ కుట్టుమిషన్. వేదిక మీద వరుసగా పేర్చిన నల్లని యంత్రాలు, వాటికి చుట్టిన రంగు కాగితాలు, వెనుక బుర్ఖాల్లో నిలబడిన స్త్రీలు, నడుమ చేయి ఊపుతున్న నాయకుడు. ఈ ఫొటో ఏ ఏటిదో, ఏ పార్టీదో పోల్చుకోవడం కష్టం. ఏళ్ల తరబడి మనం చూస్తున్నది ఒకటే ఫొటో.

ఆ వేదిక మీద ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ స్త్రీ ఏం కుడుతుంది? రవికలా, పిల్లల గౌనులా, బుర్ఖాలా, పరుపు గలేబులా, బొంతలా? ఒక్కో పనికి ఒక్కో రకం యంత్రం కావాలి. రైతుకు విత్తనం ఇచ్చేవాడు కూడా నేల నల్లరేగడా, చల్కా అని అడిగి ఇస్తాడు. కుట్టుమిషన్ ఇచ్చేవాడు మాత్రం ఏమీ అడగడు. అతని లెక్కలో ఆమె వృత్తి తెలిసిన మనిషి కాదు. ఇచ్చినదేదో పుచ్చుకొని సలాం చేసి దిగిపోవలసిన లబ్ధిదారు.

మేము ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే మాట: యంత్రం ముందు కూర్చునే మనిషే యంత్రాన్ని ఎంచుకోవాలి. వినడానికి ఇది చిన్న మాట. కాని దీనిని ఒప్పుకోనందువల్ల ప్రజాధనం, జకాత్ సొమ్ము, అంతకన్నా విలువైన స్త్రీల చేతిపని ఎలా వృథా అవుతున్నాయో బొంత కుట్టే వారి ఇంటికి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

అమీర్‌పేట సందుల్లో

అమీర్‌పేట పేరు వినని తెలుగు కుటుంబం ఉండదు. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోవడానికి రెండు రాష్ట్రాల పిల్లలూ ఇక్కడికి వస్తారు. 2017 నవంబరులో నగరానికి మెట్రో వచ్చినప్పటి నుంచి లైను మారేవారు దిగే స్టేషన్ కూడా ఇదే. చదువుకోవడానికి వచ్చిన ఆ పిల్లలు ఉండే హాస్టళ్లు అమీర్‌పేట నుంచి ఎస్సార్ నగర్, మధురానగర్ దాకా సందు సందునా కనిపిస్తాయి. గదికి నాలుగైదు మంచాలు, మంచానికి ఒక పలుచని పరుపు, కప్పుకోవడానికి ఒక దుప్పటో బొంతో. పక్కనే పంజాగుట్ట. అక్కడి నిమ్స్‌కు జిల్లాల నుంచి రోగులను తీసుకొని వచ్చే బంధువుల మూటలో అన్నం గిన్నె పక్కన తప్పక ఉండేది ఇంటి నుంచి తెచ్చుకున్న బొంత.

ఇంతమంది పడుకునే చోట పడక కుట్టేవారు లేకుండా ఎలా ఉంటారు? ఉన్నారు. పెద్ద రోడ్డు మీది అద్దాల దుకాణాల్లో కాదు, వాటి వెనుక సందుల్లో, ఒంటిగది ఇళ్లలో ఉన్నారు. వారిలో చాలామంది మనవారే. రవికలకు చేతులు అతికేవారు, చీరలకు ఫాల్, పీకో వేసేవారు, పరుపులకు గలేబులు కుట్టేవారు, పాత చీరలు తీసుకొని బొంత కుట్టి ఇచ్చేవారు. పనికి పేరు దుకాణానిది. కూలి ముక్కకు ఇంత అని.

ఎల్లారెడ్డిగూడ వైపు సాగే ఒక సందులో మేము కలిసిన సోదరి నల్గొండ జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన దూదేకుల కుటుంబంలోని మనిషి. భర్త పరుపుల దుకాణంలో కూలి. ఆమె హాస్టళ్లకు గలేబులు కుడుతుంది. చలికాలం ముందు బొంతలు కుడుతుంది. ఆమె సంపాదనలో ఎక్కువ భాగం బొంతలదే. రెండేళ్ల కిందట ఒక పంపిణీ సభలో ఆమెకు కొత్త మిషన్ ఇచ్చారు. గలేబు పని వారానికి ఒక్క రోజు. తక్కిన ఆరు రోజులూ ఆ మిషన్ మీద బియ్యం డబ్బా ఉంటుంది. మేము వెళ్లినప్పుడు ఆమె నేల మీద కూర్చొని పెద్ద సూదితో, చేత్తో బొంత కుడుతున్నది.

"మిషన్ మంచిదే అన్నా. గలేబులు కుడత. బొంత పెడితే మాత్రం సూది కింద పట్టది. బలవంతంగ తోస్తే సూది ఇరుగుతది. ఇచ్చెటప్పుడు నన్నెవరూ అడగలే, నువ్వేం కుడతవు అని."

ఆ సభ ఎవరు పెట్టారన్నది మాకు ముఖ్యం కాదు. ఎవరు పెట్టినా అదే జరిగేది. ఆమె చివరి మాటే మా వ్యాసం అంతా.

పడక కుట్టినవాడి పేరు తిట్టయింది

అమీర్‌పేటలో అమీర్ ఉర్దూ, పేట తెలుగు. పంజాగుట్టలో పంజా ఉర్దూ, గుట్ట తెలుగు. ఈ నగరం తన పేటలకు పేర్లు పెట్టుకునేటప్పుడు రెండు భాషలను కలుపుకోవడానికి వెనుకాడలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ మసీదులో నమాజు చదివే దూదేకులవారు కూడా అలాంటి కలయికే. నూర్‌బాషా అన్నా, పింజారీ అన్నా, లద్దాఫ్ అన్నా వారే. విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి, నారి మీటి దూదిని ఏకి, పరుపు, దిండు, రజాయి కుట్టి ఇచ్చిన వృత్తి వారిది. బిడ్డ పుట్టినా, పెళ్లయినా, ఇంట్లో ముసలివారికి చలి పుట్టినా ఊరు వారినే పిలిచింది.

అలాంటి వారి కులం పేరును తెలుగు సమాజం తిట్టుగా మార్చుకుంది. ఎవరినైనా తక్కువ చేయాలంటే "పింజారీ" అనడం ఇప్పటికీ వింటున్నాం. ఆ మాట అనేవాడు రాత్రి పడుకునేది పింజారీ ఏకిన దూది మీదే. బుర్రకథకు దేశమంతటా పేరు తెచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఈ కులంలోనే పుట్టారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారీ'. తిట్టును తన పుస్తకానికి పేరుగా పెట్టుకోవడం కన్నా గట్టి జవాబు ఏముంటుంది?

గౌరవం దక్కని వృత్తికి కాగితాల్లో కూడా చోటు దక్కదు. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక మీద వెలువడిన జీవో 1793 నుంచి దూదేకులవారు వెనుకబడిన తరగతుల బి గ్రూపులో ఉన్నారు. మిగిలిన పేద ముస్లిం సమూహాలకు 2007లో ఇ గ్రూపు వచ్చింది. రెండూ హక్కులే, రెండూ అవసరమే. అయితే సాయం కోసం వెళ్లిన దూదేకుల స్త్రీని ఒక కార్యాలయం బీసీల దగ్గరకు, ఇంకొక కార్యాలయం మైనారిటీల దగ్గరకు పంపిన కథలు మేము ఎన్నో విన్నాం.

వృత్తి జాబితాల సంగతి ఇంకా విచిత్రం. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీమేస్త్రి, చాకలి, మంగలి, పూలదండలు కట్టేవారు, చేప వలలు అల్లేవారు, బొమ్మలు చేసేవారు, దర్జీ ఉన్నారు. వారికి దక్కినందుకు మాకు సంతోషమే. కాని దూదేకేవారు అందులో లేరు. పరుపు, బొంత కుట్టేవారు లేరు. ఆ సాయం కావాలంటే బొంత కుట్టే స్త్రీ తనను దర్జీగా రాయించుకోవాలి. అప్పుడు పరికరాల కోసం దక్కేది 15,000 రూపాయల వోచర్. రవిక కుట్టే మిషన్‌కు అది చాలుతుంది. బొంత కుట్టగల బరువైన మిషన్‌కు సాధారణంగా చాలదు. ఇక తెలంగాణలో మైనారిటీ ఆర్థిక సంస్థ ఇందిరమ్మ మహిళా శక్తి పేరుతో చేపట్టిన పథకంలోనూ వస్తువు కుట్టుమిషనే. ఏ మిషన్ అన్న నిర్ణయం ఎవరిదన్నదే మా ప్రశ్న.

ఇది కొద్దిమంది గొడవ కాదు. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్కను మరిచిపోకూడదు. దేశంలో పని చేస్తున్న స్త్రీలలో తమ ఇంట్లోనే పని చేసేవారు 51 శాతం ఉంటే, ముస్లిం స్త్రీలలో వారు సుమారు 70 శాతం. ఇల్లే కార్ఖానా అయిన స్త్రీకి ఇంట్లోకి వచ్చే యంత్రం అలంకారం కాదు. దాని మంచిచెడ్డల మీదే పిల్లల ఫీజు, ఇంటి అద్దె ఆధారపడి ఉంటాయి.

బొంతకు ఏ మిషన్?

యంత్రం గురించి మాట్లాడటం పురుషుల పని, మెకానిక్‌ల పని అనుకొని మన పత్రికలు దీనిని ఎన్నడూ పట్టించుకోలేదు. తప్పు మాదీ ఉంది. అందుకని ఈసారి కొంత వివరంగానే రాస్తున్నాం.

బొంత అనే మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి. మొదటిది పాత చీరలు, ధోవతులు నాలుగైదు పొరలుగా పరచి కుట్టేది. రెండవది ఏకిన దూదిని రెండు గుడ్డల నడుమ నింపి కుట్టే రజాయి. మూడవది లోపల ఫైబర్ షీటు పెట్టి గళ్లుగా కుట్టే తేలికపాటిది. ఏసీ గదులు పెరిగాక దుకాణాలు అడుగుతున్నది దీనినే. రజాయికి ఇంటి మిషన్ ఏదీ పనికిరాదు. దానిని డబ్బనంతో, చేత్తో, దూరదూరంగా టాకాలు వేసి కుట్టవలసిందే. అక్కడ మిషన్ పని గలేబు వరకే. మిషన్ ఎంపిక అవసరమయ్యేది మొదటి, మూడవ రకాలకు.

పంపిణీ సభల్లో కనిపించే నల్లని మామూలు మిషన్‌ను చూడండి. దాని పాదం పైకెత్తితే కింద దొరికే సందు సుమారు 6 మిల్లీమీటర్లు. సూదికి కుడివైపున ఉండే ఖాళీ ఆరేడు అంగుళాలు. ఇద్దరు కప్పుకునే బొంతను చుట్టగా చుట్టి ఆ ఖాళీలోంచి దూర్చి కుట్టాలి. అంచులు కుట్టవచ్చు. నడుమకు వచ్చేసరికి చుట్ట పట్టదు. రవికకు ఆ ఖాళీ ఎక్కువ, బొంతకు చాలదు. మిషన్ చెడ్డదేమీ కాదు, దానిని చేసింది వేరే పనికి.

రెండవ చిక్కు కంటికి కనిపించదు. మిషన్ పళ్లు కింది పొరను వెనక్కి లాగుతాయి. పైనున్న పాదం పై పొరను నొక్కి పట్టుకుంటుంది. రెండు పొరల గుడ్డలో ఈ తేడా తెలియదు. ఐదు పొరల బొంతలో కింది పొర ముందు పోతుంది, పై పొర వెనుకబడుతుంది. వరుస పూర్తయ్యేసరికి పైన ముడతలు పడతాయి. ముడతలు పడ్డ బొంతకు దుకాణదారు కూలి కోస్తాడు. కుట్టిన స్త్రీ తన చేయి మంచిది కాదనుకొని బాధపడుతుంది. లోపం చేతిలో లేదు. గుడ్డను పైనుంచి కూడా నడిపించే పాదం అందులో లేదు. దానిని వాకింగ్ ఫుట్ అంటారు. కొన్ని మిషన్లకు విడిగా కొని బిగించుకోవచ్చు. సోఫాలు, సంచులు, తోలు వస్తువులు కుట్టే భారీ మిషన్లలో అది యంత్రంలోనే కలిసి వస్తుంది.

కార్ఖానాల్లో వాడే జూకీ, జాక్ తరహా ఒంటిసూది మిషన్లకు పాదాన్ని మోకాలితో ఎత్తే ఏర్పాటు ఉంటుంది. అప్పుడు సందు సుమారు 13 మిల్లీమీటర్లు. కుడివైపు ఖాళీ కూడా పది అంగుళాల వరకు ఉంటుంది. ఫైబర్ షీటు బొంతలకు ఇది అనుకూలం. అయితే వీటిలో పలుచని గుడ్డకు చేసిన రకం వేరు, మందపు గుడ్డకు చేసిన రకం వేరు. పేరు చూసి కొంటే పొరపాటవుతుంది. నిమిషానికి నాలుగు వేలు, అయిదు వేలు కుట్లు వేస్తుందని అమ్మేవాడు గొప్పగా చెబుతాడు. ఆ వేగం చొక్కాల కార్ఖానాకు. బొంతకు వేగం అక్కరలేదు, బలం కావాలి.

మోటారు సంగతి మరీ ముఖ్యం. పాత తరహా క్లచ్ మోటారు అర హార్స్‌పవర్, అంటే సుమారు 370 వాట్లు. స్విచ్ వేస్తే కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది. నెమ్మదిగా కూడా తిప్పుకోవచ్చు. కొనేటప్పుడు క్లచ్ మోటారు చౌకగా కనిపిస్తుంది. తర్వాత ప్రతి నెలా కరెంటు బిల్లులో ఆ చౌక సంగతి తేలుతుంది.

ఇంట్లో పెద్దవారి నాటి ఇనుప మిషన్ ఉంటే దానిని పాత సామాన్లవాడికి వేయకండి. కాళ్లతో తొక్కే ఆ మిషన్‌కు కరెంటు అక్కరలేదు. రెండు మూడు పొరల పలుచని బొంతను 16 లేదా 18 నంబరు సూదితో, పొడవు కుట్టు పెట్టి తొణకకుండా కుడుతుంది. అంతకన్నా మందం కావాలనుకునేవారు దర్జీలు అంబ్రెల్లా మిషన్ అని పిలిచే బరువైన రకాన్ని చూడవచ్చు. పూలు, అక్షరాలు, నూరు రకాల కుట్లు వేసే ప్లాస్టిక్ మిషన్‌ను చూసి మురిసిపోవద్దు. బొంతకు కావలసింది ఒక్క తిన్నని కుట్టు.

దుకాణానికి వట్టి చేతులతో వెళ్లకూడదు. మీరు కుట్టే బొంత ముక్కను, అన్ని పొరలతో, రెండు జానెడు వెడల్పున కోసి వెంట తీసుకువెళ్లండి. అమ్మేవాడు తన పలుచని గుడ్డ మీద కుట్టి చూపిస్తే ఒప్పుకోవద్దు. మీ ముక్క మీద మీరే కుట్టండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. తిప్పి వెనుక కుట్టు చూడండి. దారం ఉండలు కట్టిందా, ముడత పడిందా, కుట్టు తప్పిందా? తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. బాబిన్ కేసు, బెల్టు, సూదులు మా పేటలో దొరుకుతాయా? చెడితే బాగుచేసే మనిషి ఇంటికి వస్తాడా, మిషన్‌ను మోసుకురావాలా? నూనె ఎక్కడ వేయాలో చూపిస్తారా? ఈ మూడింటికీ జవాబు లేని మిషన్ ఎంత చౌకయినా ఖరీదైనదే.

ఇంకొక మాట. బరువైన బొంత బల్ల అంచున వేలాడితే దాని బరువు గుడ్డను లాగి సూదిని వంచుతుంది. మిషన్ పక్కన అంతే ఎత్తున మంచమో బల్లో వేసి బొంతను దాని మీద ఆనించండి. సగం సూదులు విరగడం ఆగుతుంది. ఈ ఉపాయం మాకు ఏ శిక్షణ కేంద్రమూ చెప్పలేదు. బొంత కుట్టే స్త్రీలే చెప్పారు. వారికి ఇంత తెలిసి ఉండగా మిషన్ ఎంపికలో వారి మాట ఎందుకు చెల్లదు?

ఉచితానికి వంకలా?

ఇలా రాస్తే వచ్చే జవాబు మాకు తెలుసు. ఉచితంగా ఇచ్చినదానికి వంకలు పెడతారా అంటారు. ప్రభుత్వం ఇచ్చేది ఎవరి జేబులోదీ కాదు, అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే మన సొమ్ము. జకాత్ కమిటీ ఇచ్చేది ఎవరి దయా కాదు, పేదల హక్కు. ఇచ్చే చేతికి ఎంపిక ఉన్నప్పుడు పుచ్చుకునే చేతికి ఎందుకు ఉండకూడదు?

డబ్బో వోచరో ఇస్తే ఇంటి ఖర్చులకు వాడేసుకుంటారు అని రెండవ మాట. పనికిరాని మిషన్‌ను సగం ధరకు అమ్ముకుంటున్న వారున్నారని ఈ మాట అనేవారికీ తెలుసు. అమ్ముకున్నదని ఆమెను నిందిస్తారు. ఆమె పని తెలుసుకోకుండా మిషన్ అంటగట్టిన వారిని ఎవరూ నిందించరు. వోచర్‌ను కుట్టు పరికరాల దుకాణంలోనే చెల్లేలా చేయడం కష్టమేమీ కాదు. విశ్వకర్మ పథకంలో అలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది. చేయలేనిది ఏమీ లేదు, చేయాలనుకోకపోవడమే ఉంది.

మూడవ మాటలో నిజం ఉంది. పెద్ద మిషన్ ఒంటిగది ఇంట్లో పట్టదు. ధర కూడా ఒక కుటుంబం మోయలేదు. నిజమే. అందుకే ప్రతి ఇంటికీ పెద్ద మిషన్ కావాలని మేము అనడం లేదు. ఒక బస్తీలో పది మంది బొంత కుట్టేవారుంటే వారికి వాకింగ్ ఫుట్ ఉన్న ఒక్క భారీ మిషన్ చాలు. పొరలు పరచడం, టాకాలు వేయడం, అంచు తిప్పడం ఇంట్లో చేసుకుంటారు. గళ్ల కుట్టు అక్కడికి వచ్చి వేసుకుంటారు. దానికి ఒక గది కావాలి. మసీదు మీద ఖాళీగా ఉన్న అంతస్తు, సాయంత్రం మాత్రమే నడిచే మదర్సా గది, ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకు తప్ప తాళం తీయని షాదీఖానా: మన చేతిలో గదులు లేకపోలేదు. వాటి తాళంచెవులు స్త్రీల చేతికి ఇవ్వడానికి మనకే మనసు రావడం లేదు. ప్రభుత్వాన్ని నిలదీసే ముందు ఈ మాట మనకు మనం చెప్పుకోవాలి.

గొడ్డలి పిడి

మనలో జకాత్ పంచే పెద్దలకు ఒక హదీసు గుర్తుచేయడం మా బాధ్యత. అబూ దావూద్ సంకలనంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించినది ఇది. సాయం అడగడానికి వచ్చిన ఒక అన్సారీని దైవప్రవక్త (సఅసం) మొదట అడిగింది, నీ ఇంట్లో ఏముంది అని. ఒక ముతక వస్త్రం ఉంది, సగం కప్పుకుంటాం, సగం పరచుకుంటాం. నీళ్లు తాగే పాత్ర ఒకటి ఉంది అని అతను చెప్పాడు. ఆ రెండింటినీ తెప్పించి, అక్కడున్న వారి మధ్య వేలం వేసి, రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి తిండి, ఇంకొక దిర్హమ్‌తో గొడ్డలి కొనుక్కురమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి స్వయంగా తన చేత్తో పిడి బిగించి ఇచ్చారు. కట్టెలు కొట్టి అమ్ముకొని పదిహేను రోజుల తర్వాత కనిపించమన్నారు. అతను పది దిర్హమ్‌లు సంపాదించుకొని వచ్చాడు.

ఈ సంఘటనను మనం బిచ్చం ఎత్తవద్దని చెప్పడానికే వాడుకుంటున్నాం. అందులో సాయం చేసేవారికి ఉన్న పాఠాన్ని చూడటం లేదు. మొదట అతని ఇంట్లో ఏముందో అడిగారు. చేయవలసిన పనికి తగిన పనిముట్టునే కొనమన్నారు, కొన్నది కూడా అతనే. పిడి సరిగ్గా బిగిసేలా చూశారు. పదిహేను రోజులకు మళ్లీ రమ్మని ఫలితం తెలుసుకున్నారు. మన జకాత్ కమిటీల్లో ఎన్ని, మిషన్ ఇచ్చిన పదిహేను రోజులకు ఆ ఇంటి గడప తొక్కాయి? కప్పుకొని పరచుకునే ముతక వస్త్రం అంటే మన భాషలో బొంతే కదా. ఆ పేదవాడు బొంత అమ్మి పనిముట్టు కొన్నాడు. మన సోదరికి బొంతే పని. దానికి తగిన పనిముట్టు మాత్రం మనం ఇవ్వలేకపోతున్నాం.

హనఫీ ఫిఖ్హ్‌లో జకాత్‌కు తమ్లీక్ ముఖ్యం, అంటే పుచ్చుకునే మనిషిని దానికి పూర్తి యజమానిని చేయడం. వస్తు రూపంలో ఇస్తే చెల్లదని మేము అనడం లేదు. ఆ మాట చెప్పవలసినవారు ఉలమాలు. యజమానిని చేయదలచినప్పుడు ఎంపికను కూడా ఆమెకే వదిలితే ఆ ఉద్దేశానికి మరింత దగ్గరగా ఉంటుందని మాత్రమే మనవి చేస్తున్నాం.

మేము అడుగుతున్నవి

కుట్టుమిషన్ ఇచ్చే ప్రతి పథకంలోనూ దరఖాస్తు మీద ఒక వరుస చేర్చండి: మీరు ఏం కుడతారు? జవాబును బట్టి కనీసం మూడు రకాల మిషన్లలో ఒకటి ఎంచుకునే వీలు, లేదా అంత విలువకు వోచర్ ఇవ్వండి. మిషన్‌తో పాటు సూదులు, బాబిన్ కేసు, అవసరమైన వారికి వాకింగ్ ఫుట్ ఇవ్వండి.

దూదేకడం, పరుపు, బొంత, రజాయి కుట్టడం ప్రత్యేక వృత్తిగా విశ్వకర్మ జాబితాలోనూ రాష్ట్ర పథకాల్లోనూ చేర్చండి. దూదేకుల స్త్రీని బీసీ కార్యాలయానికీ మైనారిటీ కార్యాలయానికీ మధ్య తిప్పడం మానండి.

శిక్షణ కేంద్రాల్లో మిషన్ బాగుచేయడం కూడా నేర్పండి. బెల్టు తెగితే, షటిల్ ఆగితే బస్తీలోనే ఒక స్త్రీ సరిచేయగలగాలి. అది ఇంకొక జీవనోపాధి కూడా.

ఇంట్లో కూర్చొని ముక్క కూలికి కుట్టేవారిని కార్మికులుగా నమోదు చేయండి. ఇంటి కార్మికుల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దానిని ఇంకా ఆమోదించలేదు. మిషన్ ఎంత మంచిదైనా ముక్క కూలి దుకాణదారు ఇష్టమైతే ఆ మిషన్ లాభం అతనికే పోతుంది.

మన కుటుంబాలకు కూడా ఒక మాట. కుట్టుపని గౌరవమైనది. అంత మాత్రాన ముస్లిం ఆడపిల్ల అనగానే కుట్టుమిషన్ తప్ప వేరే దారి గుర్తుకు రాకపోవడం గౌరవం కాదు. మైత్రీవనం మెట్లు ఎక్కే పిల్లల్లో మన పిల్లలూ ఉండాలి. కుట్టు కావాలనుకున్న పిల్ల కుట్టు నేర్చుకోవాలి; కోడింగ్ కావాలనుకున్న పిల్ల కోడింగ్ నేర్చుకోవాలి. యంత్రాన్ని ఎంచుకునే హక్కుకు ముందు పనిని ఎంచుకునే హక్కు ఉంది.

ఎల్లారెడ్డిగూడ సందులోని ఆ ఇంటి నుంచి మేము లేచేటప్పుడు అడిగాం, ఇప్పుడు మళ్లీ మిషన్ ఇస్తామంటే ఏది అడుగుతావు అక్కా అని. ఆమె ఆలోచించుకోలేదు. కుడుతున్న బొంత అంచును మడిచి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, దాని మందం మాకు చూపించింది.

"ఇది పట్టేది."

మిషన్లు పంచేవారు ఇకనైనా ఆ రెండు వేళ్ల మధ్య మందాన్ని కొలిచి రావాలి.